మలుపులో మనిషి నిల్చుంటే బ్రేకు మీదే

చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్ వెళ్తున్నారా? ఇక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మూడు నాలుగేళ్లు కారు నడిపిన చెయ్యి మీది. 'అక్కడా ఎడమవైపే కదా ప్రయాణం, స్టీరింగ్ కుడివైపే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది' అనిపించడం సహజం. స్టీరింగ్ వరకూ నిజమే. ఇబ్బందల్లా రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని చూసినప్పుడు మీ కాలు ఏ పెడల్ మీదకు వెళ్తుందన్న దగ్గరే వస్తుంది.

2022 జనవరి 29 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 'హైవే కోడ్' మారింది. 1931లో మొదటిసారి అచ్చయిన ఈ పుస్తకమే అక్కడి డ్రైవర్లకు పెద్దబాలశిక్ష. కొత్త మార్పుల్లో మూలసూత్రం ఒకటే: ఎదుటివారికి ఎక్కువ హాని చేయగల వాహనం ఎవరి చేతిలో ఉంటే వారిదే ఎక్కువ బాధ్యత. లారీ డ్రైవర్‌కు కారు కంటే ఎక్కువ, కారు డ్రైవర్‌కు సైకిల్ కంటే ఎక్కువ. నడిచేవాళ్లు రోడ్డు మీద అందరికంటే బలహీనులు కాబట్టి జాబితాలో వాళ్లదే మొదటి స్థానం. అలాగని వాళ్లు ఇష్టమొచ్చినట్టు నడవొచ్చని కాదు, జాగ్రత్త అందరికీ ఉండాలనీ అదే పుస్తకం చెబుతుంది.

డ్రైవర్లను తికమక పెట్టింది దీని వెంట వచ్చిన 'హెచ్2' అనే నిబంధన. పాత పద్ధతిలో, మీరు సందులోకి తిరిగేటప్పుడు మనిషి అప్పటికే రోడ్డు మీద అడుగు పెట్టి ఉంటే దారి ఇవ్వాలి. ఇప్పుడు అడుగు పెట్టనక్కర్లేదు. దాటడానికి అంచున ఎదురుచూస్తున్నా సరే, మీరే ఆగి దారి ఇవ్వాలి. మీరు సందులోకి తిరుగుతున్నా, సందులోంచి బయటికి వస్తున్నా ఇదే వర్తిస్తుంది. అక్కడ జీబ్రా గీతలు ఉండాలన్న నియమమేమీ లేదు. నేల మీద చుక్క పెయింటు లేని మామూలు కూడలి అయినా చాలు.

ఇక్కడో మెలిక ఉంది. హైవే కోడ్‌లో 'తప్పనిసరి' అన్న మాట వేరు, 'చేయాలి' అన్న మాట వేరు. మొదటిది చట్టం, మీరితే నేరం. జీబ్రా మీద అడుగు పెట్టిన మనిషికి దారి ఇవ్వడం ఈ కోవలోకి వస్తుంది. ఇవ్వకపోతే సాధారణంగా 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు. రెండోది సూచన లాంటిది. కూడలిలో ఎదురుచూస్తున్న మనిషి, జీబ్రా అంచున నిల్చున్న మనిషి ఈ రెండో కోవలోకి వస్తారు. ఆగకపోయినంత మాత్రాన అదొక్కటే నేరం కాదు. కానీ ప్రమాదం జరిగి కేసు కోర్టుకు వెళితే 'హైవే కోడ్ పాటించలేదు' అన్నదాన్ని మీకు వ్యతిరేకంగా వాడుకోవచ్చని 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టమే చెబుతోంది.

నా దృష్టిలో ఇది సగం వంట. మనిషికి ముందు హక్కు అని గట్టిగా ప్రకటించి, ఆ హక్కును సూచన స్థాయిలో వదిలేశారు. అమలు నాటికి జనానికి సరిగ్గా చెప్పలేదన్న విమర్శలూ వచ్చాయి. పాత నిబంధనలతో లైసెన్సు తీసుకుని ముప్పై ఏళ్లుగా నడుపుతున్నవాళ్లు మళ్లీ పుస్తకం తెరుస్తారా? అందుకే అక్కడి వీధుల్లో ఇద్దరూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, మీరు ఆగితే వెనక కారువాడు విసుక్కోవడం వింత కాదు.

మరి మీ సంగతి? నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలల పాటు మన లైసెన్సుతో కారు నడపొచ్చు. ఆ తర్వాత అక్కడి లైసెన్సు కావాలంటే రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాసి తీరాలి. రాత పరీక్షలో 50 ప్రశ్నలకు 43 రావాలి. రోడ్డు పరీక్షలో చిన్న తప్పులు 15 వరకూ క్షమిస్తారు, పెద్ద తప్పు ఒక్కటి చేసినా ఫెయిలే. కూడళ్ల దగ్గర సరిగ్గా గమనించకపోవడం అక్కడ ఎక్కువమంది ఫెయిలయ్యే కారణాల్లో ఎప్పుడూ ముందుంటుంది. ఇంకో మాట: లైసెన్సు వచ్చిన తొలి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే అది రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. జీబ్రా దగ్గర రెండుసార్లు తొందరపడితే ఆ ఆరూ పూర్తవుతాయి. ఇంటింటికీ తిరిగే సంరక్షణ ఉద్యోగాల్లాంటివి చేసేవాళ్లకు లైసెన్సు పోతే జీతమూ ఆగిపోయినట్టే.

అన్నిటికంటే కష్టం కుడివైపు తిరగడం. ఎదురుగా వచ్చే వాహనాల మధ్య సందు ఎప్పుడు దొరుకుతుందా అని కళ్లన్నీ అటే ఉంటాయి. సందు దొరికింది, గేరు పడింది, బండి తిరిగింది... అప్పుడు కనిపిస్తుంది, తిరిగిన వీధి అంచున బిడ్డ బండి తోసుకుంటూ ఓ తల్లి. తిరగడం మొదలుపెట్టక ముందే ఆ వీధి మొదలును చూసి పెట్టుకోవడం అలవాటు కావాలి. అద్దం చూసి, వేగం ముందే తగ్గిస్తే వెనకవాడికీ అర్థమవుతుంది.

మన చేతి సైగలూ కొంచెం మర్చిపోవాలి. ఇక్కడ హెడ్‌లైట్ కొడితే 'నేను వస్తున్నా, తప్పుకో' అని అర్థం. అక్కడ చాలామంది 'మీరు వెళ్లండి' అని చదువుకుంటారు. ఒకే వెలుగు, పూర్తిగా ఎదురు అర్థాలు! నడిచేవాళ్లను చెయ్యూపి 'రండి, రండి' అని పిలవొద్దని కూడా హైవే కోడ్ చెబుతుంది. మీరు ఆగారు సరే, పక్క వరుసలో వచ్చేవాడు ఆగుతాడని హామీ ఏదీ? ఆగండి, ఊరుకోండి, నిర్ణయం వాళ్లకు వదిలేయండి. జీబ్రాకు ముందూ వెనకా ఉండే వంకర టింకర తెల్ల గీతల్లో పార్కింగ్ నిషేధం. దాటింపు వైపు వెళ్తున్న ముందు వాహనాన్ని ఓవర్‌టేక్ చేయడమూ నిషేధమే.

ఇదంతా పరాయి దేశపు మర్యాద అనుకోకండి. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర వేగం తగ్గించి, ఆగి, పాదచారులకు దారి ఇవ్వాలని మన 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. కాగితం మీద మనమేమీ వెనకబడి లేం. రోడ్డు మీద కథ వేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 68 వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో 32 వేల మందికి పైగా నడిచి వెళ్తున్నవాళ్లే. రోడ్డు దాటాలంటే చెయ్యి అడ్డం పెట్టి, ప్రాణం బిగపట్టి అడుగేయడం మనందరికీ చిన్నప్పుడే వచ్చేసిన విద్య. ఆ విద్యతోనే కారెక్కిన మనం, ఎదుటి మనిషి కూడా అలాగే మనల్ని చూసి ఆగుతాడనుకుంటాం.

అక్కడ మొదటి కొన్ని నెలలు మీరు ఎక్కువగా నడిచే తిరుగుతారు కాబట్టి ఇంకో జాగ్రత్త. హక్కు మీదే అయినా కారు నెమ్మదిస్తున్నట్టు కనబడేదాకా అడుగు వేయకండి. సిగ్నల్ ఉన్నచోట సిగ్నలే చూడండి. కూడలికి దూరంగా, రోడ్డు మధ్యలో ఎక్కడో దాటాలని నిలబడితే హెచ్2 మీకు వర్తించదు, అక్కడ కారు ఆగే పని లేదు. ఖాళీ దొరికేదాకా మీరే ఆగాలి.