డిలీట్ కొట్టినా పోని ఫైల్.. అసలు ముప్పు వైరస్‌తోనా? తీసేస్తామంటూ వచ్చేవాళ్లతోనా?

ఇంట్లో కంప్యూటర్. అందులో ఎవరూ పెట్టని ఫైల్ ఒకటి. డిలీట్ కొడితే పోదు. పోయినా.. రీస్టార్ట్ చేయగానే మళ్లీ ప్రత్యక్షం! ఇక ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఆ కంగారులో చాలామంది నెట్‌లో వెతికి, పైన కనిపించిన ఏదో ఒక ‘ఫ్రీ క్లీనర్’ దించేసుకుంటారు. చాలాసార్లు అసలు నష్టం మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. అటు విండోస్ 11కి మారదామంటే పాత మెషీన్లు చాలావరకు దానికి పనికిరావు. అంటే అప్‌డేట్ల రక్షణ లేని కంప్యూటర్లు ఇళ్లలో అలాగే నడుస్తున్నాయన్నమాట.

అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో 2017 మేలో ప్రపంచమంతా చూసింది. ‘వాన్నక్రై’ దాడి 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసింది. ఏపీ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విచిత్రం ఏంటంటే.. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఫైల్ ఎందుకు పోదు?

కారణాలు ప్రధానంగా మూడు. ఒకటి, ఆ ఫైల్ అప్పటికే నడుస్తుండటం. వాడుకలో ఉన్న ఫైల్‌ను విండోస్ తీయనివ్వదు. రెండు, అనుమతి లేకపోవడం. సిస్టమ్ ఫైళ్లను తొలగించే హక్కు మామూలు యూజర్‌కు ఉండదు. మూడోదే అసలు సమస్య. ఫైల్ ఒక్కటే ఉండదు, దానికి కాపలాదారు ఇంకోటి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే స్టార్టప్ జాబితాలోనో, టాస్క్ షెడ్యూలర్‌లోనో అది దాక్కుంటుంది. ఫైల్ కనిపించకపోతే వెంటనే మళ్లీ తయారుచేస్తుంది. కొమ్మ నరికితే చెట్టు చావదు కదా.. ఇదీ అంతే.

మొండికేస్తే వైరసేనా?

కానే కాదు. ‘ఎస్‌వీసీహోస్ట్’ అనే ఫైల్ ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఉంటుంది. ఒకేసారి పదుల సంఖ్యలో నడుస్తుంది. అది చూసి భయపడేవాళ్లున్నారు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులోని సిస్టమ్32లో ఉంటే అది సహజం. అదే పేరుతో డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్ ఫోల్డర్‌లోనో కనిపిస్తేనే అనుమానించాలి. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ మారినా అంతే.

2024 జులై 19 ఘటన ఇంకో పాఠం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైల్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో అప్పట్లో వైరల్ అయింది కూడా. అది వైరస్ కాదు. కానీ ఎక్కువ మంది పాటించిన పరిష్కారం ఒక్కటే.. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైల్‌ను తీసేయడం. ఇంటి కంప్యూటర్‌కూ పనికొచ్చే దారి అదే.

వరుసగా ఏం చేయాలి?

ముందు ఇంటర్నెట్ ఆపేయాలి. ఫైల్ దొంగదైతే బయటికి సమాచారం వెళ్లడం అక్కడితో ఆగుతుంది.

తర్వాత విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి, స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోవాలి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. కాపలాదారు నిద్రలో ఉండగానే పట్టుకోవడం అన్నమాట. పావుగంట దాకా పడుతుంది.

అయినా పోకపోతే సేఫ్ మోడ్. షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ కొడితే వచ్చే మెనూలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ అడగొచ్చు. దాన్ని ముందే రాసి పెట్టుకోవాలి. సేఫ్ మోడ్‌లో అత్యవసర ప్రోగ్రామ్‌లే నడుస్తాయి కాబట్టి ఫైల్ పట్టు సడలుతుంది. ఫైల్‌తో పాటు స్టార్టప్ జాబితా, టాస్క్ షెడ్యూలర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లూ చూడాలి. తెలియని సిస్టమ్ ఫైల్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఉచిత టూల్ కావాలంటే కేంద్రం నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర ఉంది. 2017 నుంచి సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో పనిచేస్తోంది. ప్రకటనల్లో కనిపించే క్లీనర్ల కంటే అదే నయం.

ఇవేవీ పనిచేయకపోతే ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని విండోస్‌ను మొదటి నుంచీ ఎక్కించడం మేలు. ప్రోగ్రామ్ ఫైళ్లు కాపీ చేస్తే రోగాన్నీ వెంట తీసుకెళ్లినట్టే.

ఫైల్ పోయింది.. పాస్‌వర్డ్‌ల సంగతేంటి?

చాలామంది మర్చిపోయేది ఇదే. ఇప్పటి మాల్‌వేర్‌లో చాలావరకు కంప్యూటర్‌ను పాడుచేయవు. చప్పుడు చేయకుండా బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు ఎత్తుకెళ్తాయి. ‘లుమ్మా’ అలాంటిదే. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో దాన్ని గుర్తించినట్టు మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, నకిలీ డౌన్‌లోడ్ పేజీలు దానికి ప్రధాన దారులు.

దొంగను ఇంట్లోంచి వెళ్లగొట్టినా, వాడి జేబులో తాళంచెవి ఉంటే లాభం లేదు. అందుకే వేరే ఫోన్ నుంచో, శుభ్రమైన కంప్యూటర్ నుంచో ముందు ఈమెయిల్, ఆ తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాలి. ‘అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్’ కూడా కొట్టాలి. పాస్‌వర్డ్ మార్చినా పాత కుకీతో లోపలికి రాగలిగే అవకాశం ఉంటుంది కాబట్టే ఈ జాగ్రత్త.

భయమే వాళ్ల పెట్టుబడి

‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కు కాల్ చేయండి’ అని తెరంతా నిండే హెచ్చరిక వస్తే? అది నూటికి నూరు పాళ్లు మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. టెక్ సపోర్ట్ పేరుతో విదేశీయులను దోచిన కాల్ సెంటర్లపై 2023 అక్టోబర్‌లో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దాడులు చేసింది.

పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి, ఊళ్లో పెద్దవాళ్లే కంప్యూటర్ వాడే ఇళ్లు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేం కాదు. రిమోట్ యాక్సెస్ యాప్ ఎవరడిగినా పెట్టొద్దని వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. కంప్యూటర్ చూసేది పిల్లలు మాత్రమేనని, అదీ వాళ్లే ఫోన్ చేసి చెప్పినప్పుడేనని ఒక మాట అనుకోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మొండి ఫైల్‌ను తీయడానికి గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు. ఆ టైమ్ తీసుకోవడంలో నష్టమేం లేదు. కంగారులో తెలియనివాళ్ల చేతికి మౌస్ ఇస్తేనే ఖాతా ఖాళీ అయ్యేది.