రీళ్లు పోయాయి, అటక మీది కాగితాలైనా మిగలాలి

‘భక్త ప్రహ్లాద’ అనగానే పల్లెల్లో చాలామందికి 1967లో వచ్చిన రంగుల చిత్రమే గుర్తుకొస్తుంది. హిరణ్యకశిపుడుగా ఎస్.వి. రంగారావు, ప్రహ్లాదుడుగా చిన్నారి రోజారమణి కళ్లకు కడతారు. అయితే అంతకు 35 ఏళ్ల ముందే అదే పేరుతో తొలి పూర్తి తెలుగు టాకీ వచ్చిందనీ, దానికి పాటలు రాసిన కవి ఖమ్మం జిల్లావాడేననీ తెలిసినవారు తక్కువ. పోనీ ఆ చిత్రం చూద్దామంటే దొరకదు. ఒక్క ప్రతి కూడా మిగలలేదు.

అది నాటకం కన్న బిడ్డ. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాయగా సురభివారు ఊరూరా ఆడిన నాటకాన్నే హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో ఇంపీరియల్ కంపెనీ తరఫున తెరకెక్కించారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా, సురభి కమలాబాయి లీలావతిగా, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడుగా నటించారు.

నాటకాల వాళ్లనే ఎందుకు పిలిచారన్నది ఆలోచించవలసిన విషయం. నేపథ్యగానం అప్పటికింకా రాలేదు. నటించేవారే కెమెరా ముందు పాడాలి, అప్పటికప్పుడే శబ్దం పట్టాలి. మైకు లేని పందిట్లో చివరి వరుస దాకా పద్యం వినిపించిన గొంతులకే అది చేతనైన పని. 1931 నాటి తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’కూ పారసీ నాటకమే ఆధారం. సినిమాకు మాట నేర్పింది రంగస్థలమేనన్నమాట.

ఆ చిత్రానికి పాటలు రాసిన చందాల కేశవదాసు 1876లో జక్కేపల్లిలో పుట్టారు. తొలి తెలుగు సినీ కవిగా ఆయనకు పేరు. హరికథలు చెప్పారు, నాటకాలు రాశారు. ఆయన రాసిన ‘కనకతార’ కూడా తర్వాత సినిమాగా వచ్చింది. 1956లో కన్నుమూశారు. పద్యనాటకం మొదలయ్యే ముందు హార్మోనియం దగ్గర నిలబడి పాడే ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన ఆయనదే. ఆయన పేరు తెలియని ఊళ్లో కూడా ఆ పాట తెలుసు.

చిత్రం పోవటం ఒక నష్టమైతే, దాని పుట్టినరోజు సైతం తప్పుగా చలామణీ కావటం మరో విచిత్రం. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ రాశారు, ఉత్సవాలూ జరిపారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు, పత్రికలు గాలించిన మీదట అసలు సంగతి బయటపడింది. 1932 జనవరి 22న సెన్సారు పూర్తికాగా, ఫిబ్రవరి 6న బొంబాయిలో చిత్రం విడుదలైంది. ఎవరో పారవేయకుండా దాచిన కాగితాలే చరిత్రను సరిదిద్దాయి.

పాత కాగితాలు దాచటం ప్రభుత్వం పని కదా అని కొందరనవచ్చు. నిజమే, జాతీయ ఫిల్మ్ భాండాగారం పూణేలో ఉంది. కాని అది ఏర్పడింది 1964లో. అప్పటికి తొలి తెలుగు టాకీ వచ్చి 32 ఏళ్లు గడిచిపోయాయి. పైగా ఏ ఊళ్లో ఎవరి ట్రంకుపెట్టెలో ఏముందో ఏ ఆఫీసుకు తెలుస్తుంది?

సంక్రాంతికీ శ్రీరామనవమికీ నాటకాలాడిన ఊళ్లు జిల్లాలో ఎన్నో ఉన్నాయి. వేషాలు కట్టినవారు కొందరు ఇంకా బతికే ఉన్నారు. నాటి కరపత్రాలు, చేతిరాత నాటక ప్రతులు, సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు అటకల మీద పడి ఉన్నాయి. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు అవన్నీ పాతసామాన్ల బండికి తూకానికి పోతున్నాయి. ఇది విచారకరం.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. దొరికిన ప్రతి కరపత్రం వెనుక ఊరి పేరు, సంవత్సరం, వేషధారుల పేర్లు రాసిపెట్టాలి. పెద్దల పద్యాలను చేతిలోని ఫోన్లోనే రికార్డు చేయవచ్చు. వాటన్నిటికీ ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో ఒక బీరువా కేటాయిస్తే చాలు. యువజన సంఘాలు, ఉపాధ్యాయులు పూనుకుంటే ఇది ఒక్క వేసవి సెలవుల్లో పూర్తయ్యే పని.

రీళ్లను ఎవరూ తిరిగి తేలేరు. ఆ రీళ్లకు ప్రాణం పోసిన నాటకం ఆనవాళ్లైనా చెదలపాలు కాకుండా చూడటం ఊరి పెద్దల చేతుల్లోనే ఉంది.