గదిలో పొయ్యి వద్దు, లాడ్జిలో వంటిల్లు కావాలి

గుంటూరు కొత్తపేటలో సాయంత్రం ఏడు దాటాక ఆసుపత్రుల పక్కనున్న లాడ్జి మెట్లెక్కితే అన్నం ఉడుకుతున్న వాసన వస్తుంది. కింద కౌంటర్ వెనక గోడకు ‘గదులలో వంట చేయరాదు’ అని బోర్డు ఉంటుంది. బోర్డు కింద కూర్చున్న గుమాస్తాకు ఆ వాసనా తెలుసు, వండేదెవరో కూడా తెలుసు. దర్శి, కనిగిరి, మార్కాపురం, వినుకొండ, మాచర్ల వైపు నుంచి మనిషిని తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చి, పది పదిహేను రోజులకు గది తీసుకున్నవాళ్లు వాళ్లు. బట్టల సంచిలోనే రైస్ కుక్కరో ఇండక్షన్ పొయ్యో వచ్చి ఉంటుంది. పచ్చడి సీసా ఇంటి నుంచి తెచ్చుకుంటారు, కూర కర్రీ పాయింట్‌లో కొంటారు, అన్నం గదిలో వండుకుంటారు. రూమ్ బాయ్ తలుపు కొడితే కుక్కర్ మంచం కిందికి పోతుంది.

హోటల్ గదిలోకి వంట సామాను తీసుకెళ్లవచ్చా అన్న ప్రశ్న విహారయాత్రకు వెళ్లేవాళ్లకు సౌకర్యానికి సంబంధించింది. మన పత్తి, మిరప పల్లెల నుంచి గుంటూరు వచ్చేవాళ్లకు అది పథ్యానికి సంబంధించింది, జేబుకు సంబంధించింది. నా జవాబు మాత్రం ఒకటే. తీసుకెళ్లకూడదు. కానీ ఆ మాట అతిథికి చెప్పే ముందు, అతను ఎక్కడ వండుకోవాలో లాడ్జి చెప్పాలి. రెండోది చెప్పకుండా మొదటిది ఎన్ని బోర్డుల మీద రాసినా కుక్కర్ మంచం కిందే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట మా పిన్నికి కడుపు ఆపరేషన్ జరిగింది. వారం రోజులు జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం, చప్పిడి పప్పు, నూనె లేని బీరకాయ కూర పెట్టమన్నారు డాక్టరుగారు. ఆ వీధుల్లో తిరిగి చూశాం. ఇడ్లీ దొరుకుతుంది, అదీ పొద్దున. మధ్యాహ్నానికి కారం లేని కూర ఇచ్చే చోటు ఒక్కటీ కనపడలేదు. బాబాయి ఊరెళ్లి ఇండక్షన్ పొయ్యి తెచ్చాడు. దాని ప్లగ్గుకు మూడు లావు పిన్నులు, గదిలో ఉన్నది చిన్న సాకెట్టు. కింద కొట్లో ముప్పై రూపాయలకు కన్వర్టర్ దొరికింది. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టులో పెట్టుకునే తెల్లటి ప్లాస్టిక్ ముక్క.

మూడో రోజు జావ కాస్తుంటే చేపలు కాల్చిన వాసన వచ్చింది. పక్క గదిలో ఎవరో కాలుస్తున్నారనుకున్నాం. బాబాయి గోడ వైపు చూసి ఒక్క ఉదుటున లేచాడు. సాకెట్టు చుట్టూ గోధుమ రంగు వచ్చింది, కన్వర్టర్ మెత్తబడి దానికి అతుక్కుపోయింది. మెయిన్ ఆపి, తువ్వాలు చుట్టి లాగితే సాకెట్టు ముఖం కూడా ఊడి చేతికి వచ్చింది. విచిత్రమేమిటంటే, అంత జరిగినా ఎంసీబీ పడలేదు. బట్టలు ఆరేసిన తాడు ఆ సాకెట్టుకు మూరెడు దూరంలో ఉంది. ఆ రాత్రి ఆ గదిలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఎంసీబీ ఎందుకు పడలేదో తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ చెబితే అర్థమైంది. అది ప్రతి అతిథికీ తెలియాల్సిన సంగతి. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు చేసింది. మన 230 వోల్టుల మీద అది మోయగలిగింది 1,380 వాట్లు. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లు, అంటే 8.7 ఆంపియర్లు. గోడలో తీగను కాపాడే ఎంసీబీ చాలాచోట్ల 16 ఆంపియర్లది ఉంటుంది. దాని లెక్కలో 8.7 తక్కువే, కాబట్టి అది కదలదు. ఎంసీబీ కాపలా కాసేది తీగకు. దాని చివర ఉన్న సాకెట్టు చిన్నదని, అందులో వదులుగా ఆడుతున్న కన్వర్టర్ ఉందని దానికి తెలిసే దారి లేదు. పైగా వదులు కనెక్షన్‌లో వేడి కరెంటు పెరిగినంతే పెరగదు, కరెంటు వర్గానికి పెరుగుతుంది. 700 వాట్ల రైస్ కుక్కర్ పెట్టినప్పుడు ఆ సాకెట్టులో పుట్టే వేడి కంటే 2,000 వాట్ల పొయ్యి పెట్టినప్పుడు పుట్టేది దాదాపు ఎనిమిది రెట్లు. అందుకే ‘కుక్కర్ పెట్టినప్పుడు ఏమీ కాలేదు గదా’ అన్న ధైర్యం పొయ్యికి పనికిరాదు. 1,500 వాట్ల కెటిల్, స్నానం నీళ్లకు బకెట్లో వేసే హీటర్ కడ్డీ కూడా చిన్న సాకెట్టుకు ఎక్కువే.

కరెంటు పొయ్యి సంగతే ఇలా ఉంటే 5 కిలోల గ్యాస్ సిలిండర్ గదిలోకి తేవడం గురించి వేరే చెప్పాలా? ఏసీ కోసం కిటికీలు బిగించిన గదిలో మంట మండితే మనిషికి గాలే చాలదు. లీకైతే గ్యాస్ గాలి కంటే బరువు గనక నేలనంటి, మంచం కింద పేరుకుంటుంది. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురైలో ఆగి ఉన్న టూరిస్టు రైలు పెట్టెలో జరిగింది ఇదే కోవకు చెందింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన యాత్రికులు నిబంధనలకు విరుద్ధంగా సిలిండర్ వెంట తెచ్చుకున్నారు. మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు ఎవరికో హాని చేయాలని తెచ్చుకున్నది కాదు ఆ సిలిండర్. ఊరుగాని ఊళ్లో తమ తిండి తాము తినాలని తెచ్చుకున్నారు.

మన దగ్గర లాడ్జి భవనాలు మంటను ఎలా తట్టుకుంటాయో రెండు ఉదంతాలు చూపించాయి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ హోటల్లో ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉంది. ఈ రెండింటిలోనూ అతిథుల వంట ప్రసక్తే లేదు, వాటిని ఆ ఖాతాలో వేయడం అన్యాయం. కానీ కింద పుట్టిన పొగ మెట్ల దారిలోనే పైకెక్కితే, పై అంతస్తుల్లో పడుకున్నవాడికి దిగే దారి ఉండదు. కొత్తపేట లాంటి చోట ఆ పై అంతస్తుల్లో పడుకునేవాళ్లలో కుట్లు ఇంకా మానని రోగులుంటారు. పరిగెత్తమంటే పరిగెత్తలేరు.

నిప్పు గురించి ఈ నేల మనుషులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పత్తి ఇంట్లో పోసుకున్న రోజుల్లో ఆ గదిలో దీపం పెట్టరు. జిన్నింగు మిల్లుకు పత్తి తోలుకెళ్లిన రైతు అక్కడ బీడీ వెలిగించడు. ఎండు మిరప టిక్కీల పక్కన పొయ్యి రాజేయడు. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి మిరప కోతకు వచ్చే కూలీలు చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి గుడారం బయటే వెలిగిస్తారు. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి లాడ్జి గదిలో 2,000 వాట్ల పొయ్యిని మంచం పక్కన ఎందుకు పెడతాడు? మంట కనపడదు గనక. చుట్టూ నాలుగు గోడలే తప్ప గట్టు లేదు గనక.

లాడ్జి యజమాని బాధ కూడా నిజమే. వాష్ బేసిన్‌లో అన్నం పారబోస్తే పైపు మూసుకుపోతుంది. పోపు వాసన పరుపుకు పట్టి తర్వాతి అతిథి గది మార్చమంటాడు. కరెంటు బిల్లు గది అద్దెలో తేలదు. ఏదైనా జరిగితే కేసు ఆయన మీదే. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ వంట చేసుకునేవాళ్ల అవసరాన్ని ‘హోటల్లో తినొచ్చు కదా’ అన్న ఒక్క మాటతో తోసెయ్యలేం. కిడ్నీ జబ్బు మనిషినే తీసుకోండి. పశ్చిమ ప్రకాశం పల్లెల నుంచి ఫిస్టులా ఆపరేషన్‌కో, డయాలసిస్ మొదలుపెట్టడానికో గుంటూరు వచ్చి కొన్నాళ్లు ఉంటారు. ఉప్పు బాగా తగ్గించాలి. పొటాషియం తగ్గడానికి కూరగాయ ముక్కల్ని నిండా నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు వండాలి. ఏ కర్రీ పాయింట్ ఒక్క మనిషి కోసం ఆ పని చేస్తుంది? ఐదు రూపాయల అన్న క్యాంటీన్ భోజనం పక్కన తోడున్నవాళ్ల ఆకలి తీరుస్తుంది, అది గొప్ప ఆసరా. కానీ అక్కడ వండేది వందల మందికి, పథ్యం ఒక్కరికి. పసిబిడ్డ పాలు కాచాలన్నా, బాలింతకు పథ్యం పెట్టాలన్నా ఇదే ఇబ్బంది. డిశ్చార్జి కాగితం మీద ఏం తినాలో, ఏం తినకూడదో రాసిస్తారు. రెండు రోజులకోసారి డ్రెస్సింగుకు రమ్మంటారు. ఊరెళ్తే రాలేరు, ఉంటే వండుకోలేరు. ఆ పథ్యం ఎక్కడ వండాలో డిశ్చార్జి కాగితం మీద ఉండదు.

నిజానికి ఈ చిక్కును మన పాతకాలం ఎప్పుడో విప్పింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. పెద్ద పరివారంతో పదిహేను నెలలు ప్రయాణం చేసిన ఆయన ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ సామాను దొరుకుతుంది అని ఊరూరా రాసిపెట్టారు. మజిలీ అంటే పడుకునే చోటే కాదు, వండుకునే చోటు కూడా. మన సత్రాలు ఆ లెక్కలోనే కట్టారు. ముందు వసారా, లోపల గదులు, వెనక పెరట్లో బావి, పక్కన వంటసాల. పొయ్యి పడక దగ్గర లేదు, అలాగని సత్రం బయటా లేదు. సత్రం పోయి లాడ్జి వచ్చినప్పుడు గదికి బాత్‌రూమ్ చేరింది, టీవీ చేరింది, ఏసీ చేరింది. వంటసాల ఒక్కటే పోయింది. యాత్రలకు పోయేవాళ్లకు ఆ లోటు తెలియకపోవడానికి కారణం వేరే ఉంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం లాంటివి ఆ బరువు మోశాయి. ఆసుపత్రి పక్కన ఆ బరువు మోసేవారు లేరు.

వేలూరు వెళ్లొచ్చినవాళ్లను అడగండి. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల నేటి సీఎంసీ అయింది. అక్కడికి మన నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జనం వెళ్తారు, బెంగాల్ నుంచి రైళ్ల కొద్దీ వస్తారు. చుట్టుపక్కల వీధుల్లో వంటగది ఉన్న గదులు రోజు అద్దెకిస్తారు, పొయ్యి, గిన్నెలు కూడా అద్దెకు దొరుకుతాయి. దయతో పెట్టిన ఏర్పాటు కాదది, వ్యాపారం. వచ్చినవాడు నెల రోజులు ఉంటాడని, చేపల పులుసు తానే వండుకుంటాడని అక్కడి యజమానులు గుర్తించారు. అమెరికాలో 1975లో జాక్ డిబోయర్ విచిటాలో మొదలుపెట్టిన రెసిడెన్స్ ఇన్ ఇలాంటి గుర్తింపు మీదే నిలిచింది. ఎక్కువ రోజులుండే అతిథికి గదిలోనే, అందుకు తగిన వైరింగుతో, వంట గట్టు. కారు డిక్కీలో రైస్ కుక్కర్ పెట్టుకుని నయాగరా వెళ్లే మన పిల్లలు గది బుక్ చేసేటప్పుడు ముందు వెతికేది ఆ గట్టు ఉందా లేదా అనే. అక్కడా వంట ప్రమాదం లేనిది కాదు. 2014–16 మధ్య అమెరికా అగ్నిమాపక విభాగం లెక్కల్లో హోటళ్లు, మోటళ్లలో ఏటా సుమారు 3,900 అగ్ని ప్రమాదాలు జరిగితే దాదాపు సగానికి కారణం వంటే. వాటిలో ఎక్కువ భాగం గిన్నె దగ్గరే ఆగిపోయిన చిన్న మంటలు.

గుంటూరులో ప్రతి గదికీ వంట గట్టు కట్టమని నేను అడగడం లేదు, ఆ పాత భవనాలకు అది కుదరదు. లాడ్జికి ఒక్క వంటగది చాలు. కింది అంతస్తులో, మెట్ల దారికి దూరంగా, గాలి ఆడే చోట. మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగిన లైను, నాలుగు 16 ఆంపియర్ల సాకెట్లు, షాక్ కొట్టకుండా ఆర్‌సీసీబీ, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, ఒక సింకు, ఒక అగ్నిమాపక సిలిండర్. పొయ్యిలు లాడ్జివే. గంటకు ఇంతని తీసుకోమనండి, ఎవరూ కాదనరు. ఆసుపత్రుల చుట్టూ ఉన్న లాడ్జిలకు నగరపాలక సంస్థ లైసెన్సు ఇచ్చేటప్పుడు దీన్ని షరతుగా పెట్టవచ్చు. పెద్ద ఆసుపత్రులు తమ ఆవరణలోనే రోగి సహాయకుల కోసం ఇలాంటి గది కట్టవచ్చు, డైటీషియన్ రోజుకో గంట అక్కడికి వచ్చి చప్పిడి కూర ఎలా వండాలో చూపించవచ్చు. ఇది ఉన్నచోట గదుల్లో వంట నిషేధాన్ని గట్టిగా అమలు చేయనివ్వండి, నేను యజమాని పక్కనే నిలబడతాను. చిన్న సాకెట్టుకు పెద్ద ప్లగ్గు తగిలించే ఆ కన్వర్టర్లను మాత్రం అంతవరకూ ఆగకుండా ఇవాళే గదుల్లోంచి తీసేయించాలి.

అప్పటిదాకా, వేరే దారి లేక కుక్కర్ తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. ఇండక్షన్ పొయ్యి, కాయిల్ స్టవ్వు, గ్యాస్ ఇంటి దగ్గరే వదిలేయండి. కౌంటర్‌లో దాచకుండా చెప్పండి. మా పిన్ని విషయంలో ఆ మర్నాడు బాబాయి కిందికెళ్లి జరిగింది చెప్పి, సాకెట్టు డబ్బులు కడతానన్నాడు. మేనేజరు కోప్పడతాడనుకున్నాం. ఆయన డబ్బు తీసుకోలేదు. వెనక జనరేటర్ గది పక్కన పాత మంచాలు వేసిన రేకుల షెడ్డు చూపించి, అక్కడ మోటారుకు వేసిన పెద్ద సాకెట్టు ఉంది, వండుకోండి అన్నాడు. మిగిలిన ఎనిమిది రోజులూ అక్కడే వండుకున్నాం. రెండో రోజుకల్లా పొదిలి నుంచి వచ్చిన ఒక తల్లీ కూతుళ్లు గిన్నె పట్టుకుని వచ్చి, మీదయ్యాక మేం పెట్టుకుంటాం అన్నారు.