కొండ అంచున ఒక పూట

మద్రాసువాళ్ళకు సముద్రం కొత్త కాదు. సాయంత్రం పూట సుండల్ పొట్లం కట్టించుకుని మెరీనా యిసుకలో కూర్చోవడం మనలో మూడు తరాల అలవాటు. అయితే సముద్రాన్ని ఎత్తునుంచి చూసే యోగం మాత్రం మనకు లేదు. ఒడ్డంతా చాప పరిచినట్టు వుంటుంది. కావాలంటే లైట్‌హౌసు ఎక్కాలి. మాట వచ్చింది గనుక చెబుతున్నాం, ఆ మెరీనా యిసుకలో చాలాభాగం సముద్రం తనంతట తాను పెట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర రేవు కట్టినప్పుడు, ఒడ్డు వెంబడి ఉత్తరానికి కొట్టుకుపోయే యిసుకకు ఆ గోడ అడ్డం వచ్చి యిటు మేట వేసింది. అటు రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. మన షికారు పొరుగువాడి నేల అన్నమాట.

మా మనవడికి పన్నెండేళ్ళు. ఇంగ్లండు తీరాన తెల్లని సుద్దకొండల అంచు వెంట జనం నడుస్తున్న బొమ్మ ఏదో పుస్తకంలో చూసి, “తాతయ్యా, మనకిలాంటివి లేవా?” అన్నాడు. “లేకేం, విశాఖపట్నంలో వున్నాయి” అనేశాం. అన్న తర్వాత చూపించకపోతే పరువు దక్కదు. సంక్రాంతి వెళ్ళిన వారం మా ఆవిడా, మేమూ, వాడూ రాత్రి బండి ఎక్కాం.

తూర్పు కనుమలు అక్కడ సముద్రం దాకా వచ్చి నిలబడతాయి. దక్షిణానికి వచ్చేకొద్దీ లోపలికి తొలగిపోతాయి. మనవాటా పల్లావరం కొండ, సెయింట్ థామస్ కొండ; వాటికి అలల చప్పుడు వినపడదు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ అందరికీ తెలిసిందే. అది నౌకాదళంవారి అధీనంలో వుంది గనుక యిష్టం వచ్చినట్టు తిరగనివ్వరు. కైలాసగిరికి తీగబండి వుంది. నడిచేవాళ్ళకు అది లెక్కలోకి రాదు. అందుచేత భీమిలి రోడ్డు పట్టి, పదిహేను కిలోమీటర్ల దూరంలోని తొట్లకొండ పాదాన దిగాం.

తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టాం. మా ఆవిడ మోకాలు రెండు చోట్ల మొరాయించింది. పైన బౌద్ధ భిక్షువుల గదుల పునాదులు, స్తూపాలు, వాననీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లు వున్నాయి. ఆ తొట్లవల్లే ఆ పేరు. నౌకాదళంవారు స్థావరం కోసం విమానంలోంచి చూస్తుండగా యీ చోటు బయటపడింది. 1988 మొదలు రాష్ట్ర పురావస్తు శాఖవారు తవ్వగా శాతవాహనుల నాణాలతోపాటు రోమను వెండి నాణాలు కూడా దొరికాయి. వెనక్కి తిరిగి చూస్తే కాళ్ళ కింద కొండ, కొండ కింద రోడ్డు, ఆపైన కంటికి ఆనినంత మేరా నీలం. ఓడ వస్తే ముందు తెలిసేది యీ సన్యాసులకే కాబోలు! మా వాడు తెలుగు మాట్లాడతాడు గాని అక్షరాలు కూడబలుక్కుంటాడు. అక్కడి పలక ముందు నిలబడి “తొ... ట్ల... కొం... డ” అని చదివాడు. మేము తొందరపెట్టలేదు.

దిగి మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం చూసి, ఎండ ఎక్కేసరికి ఎర్రమట్టి దిబ్బలకు చేరాం. అక్కడ చేసిన తెలివితక్కువ పని దాచుకోకుండా చెప్పాలి.

అవి పేరుకు మట్టి, నిజానికి యిసుక. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన యిసుకను గాలి ఎత్తిపోసింది. అందులోని యినుము తుప్పుపట్టి ఎర్రబడింది. వానలు దాన్ని గోపురాలుగా, లోయలుగా చెక్కాయి. తమిళనాడులో తిరునల్వేలి వైపున్న తేరి యిసుకలు, సింహళం దక్షిణ తీరపు యిసుకలు దీని చుట్టాలు. ఇదంతా వాడికి వివరిస్తూ, సముద్రం వెనక వచ్చేటట్టు ఫోటో తీద్దామని “ఇంకాస్త వెనక్కి జరుగు నాయనా” అన్నాం. వాడు జరిగాడు.

“బాబూ! అంచు కాడికి ఎల్లనీకండి! పైకి గట్టిగా అవుపడతాది గానీ కింద గుల్ల!” అని ఎవరో కేక పెట్టారు. చూస్తే మేకలు కాసే ముసలాయన. మనవడు రెండడుగులు ముందుకు దూకాడు. వాడు నిలుచున్న చోటు చప్పుడైనా లేకుండా లోయలోకి జారిపోయింది. తాటిచెట్టు లోతు వుంటుంది. ఫోన్ మా చేతిలో వణికిపోయింది. ముసలాయన దగ్గరికి వచ్చి, “వోనకి నానిపోనాది, మీ తప్పు నేదు లెండి” అన్నాడు. తప్పు మాదేనని మాకూ తెలుసు, మా ఆవిడకూ తెలుసు. భీమిలి దాకా ఆమె మాతో మాట్లాడలేదు.

వెళ్ళదలచిన వారికి ఒక మాట. చలికాలంలో వెళ్ళండి, నీళ్ళు మోసుకుపోండి, దిబ్బల అంచుకు మనిషి పొడవు దూరంలో ఆగిపోండి. పిల్లల చెయ్యి వదలకండి. ఫోటో రాకపోతే రాకపోయె.

1861లోనే మునిసిపాలిటీ అయిన భీమిలిలో, డచ్చివారి సమాధుల దగ్గర అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ వుంటే, మా వాడి జేబు బరువుగా వేలాడటం మా ఆవిడ కనిపెట్టింది. తీయమంటే ఎర్ర యిసుక! మద్రాసులో స్నేహితులకు చూపించడానికట. ఆ దిబ్బలను భూగర్భశాఖవారు 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా 2024లో అక్కడ యంత్రాలతో తవ్వుతున్నారని పెద్ద గొడవ జరిగి పని ఆగింది. ఆ సంగతి దారిలో మేమే వాడికి చెప్పాం.

“తాతయ్యా, ఇది పిడికెడే కదా” అన్నాడు.

“వాళ్ళూ మొదట పిడికెడే అనుకుని వుంటారు” అంది మా ఆవిడ, ఆ పూట మొదటిసారి నోరు విప్పి.

తిరుగు దారిలో మళ్ళీ దిబ్బల దగ్గర బండి ఆపించింది. వాడు జేబు తిరగేసి దులిపాడు. మేము మాత్రం రోడ్డు దిగలేదు. మద్రాసు వచ్చాక వాడి లాగు నానబెడితే బకెట్లో నీళ్ళు యింకా ఎర్రగానే వచ్చాయి.