గుఱ్ఱములెన్ని, బరువెంత?

ఈ శీర్షిక క్రింద నిదివఱకు కుట్టుమిషనును గూర్చియు, నీటిమోటారును గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున స్పోర్ట్సు కారును గూర్చి వ్రాయుచున్నాననిన కొందఱు నవ్వుదురేమో. “మన నిజామాబాదు వీథులలో ఆటోలకే దారి చాలదు; మనకీ ముచ్చట యేల?” యని యడుగుదురేమో. కాని యీ ప్రశ్న నాకు బోధన్ నుండియే వచ్చినది. దానిని తెచ్చినది యొక తల్లి.

ఆమె నా చిన్ననాటి స్నేహితురాలు. ఆమె భర్త శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారమున చెఱకు తూచు కాటా యొద్ద చిరకాలము గుమస్తాగా నుండి, ఆ కర్మాగారము 2015లో మూతపడుటకు చాల ముందే విరమించినవారు. కూఁతురు అమెరికాలో డల్లాసు నగరమున నుద్యోగము చేయుచున్నది. చదువుకై తెచ్చిన యప్పును తన జీతముతోనే తీర్చినది. ఇప్పుడు తన కష్టార్జితముతో నొక స్పోర్ట్సు కారు కొనవలెనని యామె కోరిక. ముప్పదివేల డాలర్ల చుట్టుపట్ల దొరకు మూఁడు కారుల పేర్లు వ్రాసి తల్లికిఁ బంపినది. హైదరాబాదులోనున్న యన్న మాత్రము, “కొనిన మస్టాంగే కొనవలెను; తక్కినవి బొమ్మకారు”లని యెగతాళి చేసెనఁట. పిల్ల చిన్నవోయినది.

స్నేహితురాలు ఆ కాగితము చేతఁబట్టుకొని బస్సులో వచ్చి, “అక్కా, వద్దనుటకైనను సరే యనుటకైనను నాకీ లెక్క తెలిసియుండవలెను గదా! తెలియక వద్దన్నచో బిడ్డ నా మాటనేల వినును?” అని యడిగినది. ఆ మాట నాకెంతయు నచ్చినది.

ఆ మూఁడు కారులలో మొదటిది జపానువారి టొయోటా జీఆర్ 86. రెండవది జపానుదే యైన మజ్దా ఎమ్‌ఎక్స్-5. దీనినే అమెరికాలో మియాటా యందురు. మూఁడవది అమెరికావారి ఫోర్డు మస్టాంగు, అందును నాలుగు సిలిండర్ల చిన్న యింజను గలది. జీఆర్ 86గాని మియాటాగాని మన దేశపు దుకాణములలో నెన్నఁడును అమ్మఁబడినవి కావు. అందుచేత మనవారికివి పరిచితములు గావు.

2024 నాఁటి అమెరికా లెక్కలను బట్టి మియాటా యింజను బలము 181 అశ్వశక్తులు. జీఆర్ 86 బలము 228. మస్టాంగు బలము 315. ఈ యంకెలు చూచినచో అన్న మాటయే నిజమని తోఁచును. 134 గుఱ్ఱములెక్కువ యున్నప్పుడు ఇఁక పోటీ యెక్కడిది?

ఇచ్చట నా స్నేహితురాలి భర్త వృత్తి మనకుఁ బనికివచ్చును. కాటా మీఁదికి వచ్చిన చెఱకుబండిని మొదట సరకుతోఁ దూచెదరు. చెఱకు దింపిన పిమ్మట ఖాళీబండిని మరలఁ దూచెదరు. ఎద్దులెంత బలముగలవైనను బండి బరువునకుఁ గొంత బలము వ్యయము కావలసినదే గదా! కారునకును అంతే. మియాటా బరువు ఇంచుమించు 1,065 కిలోలు. జీఆర్ 86 బరువు 1,280. మస్టాంగు బరువు 1,620. బరువును గుఱ్ఱముల సంఖ్యచే భాగించి చూడుఁడు. మియాటాలో నొక్కొక్క గుఱ్ఱము మోయవలసినది 5.9 కిలోలు, జీఆర్ 86లో 5.6, మస్టాంగులో 5.1. నూటముప్పదినాలుగు గుఱ్ఱముల తేడా, తూఁచి చూచునప్పటికి గుఱ్ఱమునకు ముప్పాతిక కిలో తేడాగా మాఱినది. ఈ లెక్క వేసి చూపఁగానే నా స్నేహితురాలు, “ఇది మా యింటాయనకుఁ జెప్పిన వెంటనే తెలియు”నని నవ్వినది.

ఇఁక పరుగు మాట. నిలిచిన కారు గంటకు 60 మైళ్ల వేగము, అనఁగా దాదాపు 97 కిలోమీటర్లు, అందుకొనుటకెంత కాలము పట్టునని యచ్చటివారు పరీక్షింతురు. గేరులు చేతితో మార్చు జీఆర్ 86నకు 6.1 సెకండ్లని టొయోటావారే చెప్పియున్నారు. పరీక్షకుల చేతిలో మియాటా ఆఱు సెకండ్లలోపుగానే యందుకొనును. మస్టాంగు వీనికంటె సుమారొక సెకండు ముందు. కావున తిన్నని బాటపై మస్టాంగే గెలుచును. అన్న చెప్పినది యబద్ధము కాదు. కాని యా గెలుపు ఒక సెకండు మాత్రమే.

బలమెంత యుండెననుటతోపాటు, ఆ బలమెప్పుడు చేతికందుననునదియుఁ జూడవలెను. జీఆర్ 86 చరిత్రలోనే దీనికి నిదర్శన మున్నది. 2012లో వచ్చిన దాని మొదటి రూపమున 2 లీటర్ల యింజను, 200 అశ్వశక్తులు ఉండెను. అయినను నడిమి వేగములలో నింజను నీరసించునని కొన్నవారు గొణుగుచుండిరి. చక్రములను త్రిప్పు బలము పూర్తిగా రావలెనన్న నింజను నిమిషమునకు 6,400 చుట్లు తిరుగవలసి యుండెను. తరువాతి రూపమున నింజనును 2.4 లీటర్లకుఁ బెంచిరి. అప్పుడు గుఱ్ఱములు పెరిగినవి ఇరువదియెనిమిదే. కాని త్రిప్పుబలము 3,700 చుట్లకే పూర్తిగా నందసాగినది. అలవాటులేని చేతికి ఈ మార్పు గుఱ్ఱముల పెంపుకంటె నెక్కువ మేలు. లారీని దాఁటవలసివచ్చినప్పుడు బలము పిలువఁగనే పలుకవలెను గదా! మస్టాంగున కీ త్రిప్పుబలము జీఆర్ 86నకు రెట్టింపునకు కొంచెము తక్కువగా నుండును. అది దాని సుగుణము. క్రొత్తవారి పాదమునకు దాని ప్రమాదమును అదియే.

మలుపులయొద్ద కథ తారుమారగును. బరువైన బండిని మలుపుట కష్టము, ఆపుట కష్టము. నిజాంసాగరు కాలువ గట్టుపై నిండు చెఱకుబండి వంపు తిరుగుట చూచిన మనకు దీనిని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. మియాటా వంపులలో నింత హాయిగా నడచుటకు దాని తేలికయే కారణము. ఆ కారు 1989లో మొదటవచ్చినది. 2016నాఁటికి పదిలక్షలు తయారైనవి. ఇంతమంది దానిని గొనినది గుఱ్ఱములను లెక్కించి కాదు.

కారు శక్తిని మొదట దూరప్రయాణమున పరీక్షించినది యొక తల్లియే యని మీలో నెందఱికిఁ దెలియును? 1888లో జర్మనీయందు బెర్తా బెంజను నామె, భర్త చేసిన మూఁడు చక్రముల మోటారుబండిలో నిద్దఱు కుమారులను గూర్చుండఁబెట్టుకొని, మ్యాన్‌హైము నుండి నూఱు కిలోమీటర్లకుఁ బైగా దూరముననున్న ఫోర్ట్స్‌హైములోని పుట్టినింటికిఁ బోయినది. ఆ బండి బలము మూఁడు గుఱ్ఱములకు మించదు. ఎత్తులయొద్ద పిల్లలు దిగి త్రోయవలసివచ్చినది. దిగుడులయొద్ద బ్రేకులరిగిపోఁగా, చెప్పులు కుట్టువానిచేత వానికిఁ దోలు కొట్టించినది. ఇల్లు చేరి యామె భర్తతోఁ జెప్పినది, ఎత్తులకుఁ దక్కువ గేరొకటి కావలెనని. వేగము చాలలేదని యామె ఫిర్యాదు కాదు. ఎక్కుట, ఆపుట చక్కఁబడవలెననియే.

ఆ తల్లి దృష్టితోనే మన లెక్కను ముగింతము. గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున కారు ఒక్క సెకండులో 28 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాత నాఁగుటకుఁ బట్టు దూరము నాలుగు రెట్లగును. మస్టాంగు సంపాదించిన యా యొక్క సెకండు, చేతిఫోనువంక నొక్క చూపునకు సరి. కావున నడపువారి చూపునకున్న విలువ ఆ నూటముప్పదినాలుగు గుఱ్ఱములకు లేదని నేను స్నేహితురాలితోఁ జెప్పితిని.

ఇంటి మాటలు కొన్ని మిగిలినవి. మియాటాలో సీట్లు రెండే. డిక్కీలో చిన్న పెట్టెలు రెండు పట్టిన గొప్ప. తల్లిదండ్రులిద్దఱును డల్లాసుకుఁ బోయినచో విమానాశ్రయమునుండి యొకరు టాక్సీలో రావలెను. జీఆర్ 86నకు వెనుక సీట్లున్నవి గాని అవి సంచులకే తగును. వానిని మడిచినచో పెద్దపెట్టె పట్టును. మస్టాంగు వెనుకసీటు కొంచెము నయము, డిక్కీ పెద్దది. కాని ఈ చిన్న యింజను మస్టాంగునకు 2024 నుండి చేతితో మార్చు గేరులు లేవు. పిల్లకు గేరులు మార్చుటయే ముచ్చటఁట. భీమా ఖర్చు నడపువారి వయస్సును బట్టియు, కారు తరగతిని బట్టియు మాఱును. మూఁడింటికిని ముందుగా నడిగి తెలిసికొనవలెను. మెత్తని పందెపు టైర్లు త్వరగా నరుగును. ఆ వ్యయమును నెలజీతపు లెక్కలోఁ జేర్చవలెను.

ఇదంతయు విని నా స్నేహితురాలు, “అయితే నీ మాట యేది?” యని యడిగినది. మొదటి స్పోర్ట్సు కారునకు జీఆర్ 86 తగినదని నాకుఁ దోఁచినది. బలము చాలును, బరువు మితము, అవసరమునకు వెనుక సీటున్నది. కాని మూఁడింటిని నడపి చూచినఁగాని డబ్బు కట్టవద్దనియు, కట్టిన పిమ్మట కారును శిక్షకుని యొద్ద కొన్ని దినములు నేర్చుకొమ్మనియుఁ జెప్పుమంటిని.

ఆమె కాగితము వెనుకవైపున ఆ మూఁడు భాగహారములు వ్రాసికొని పోయినది. ఆ రాత్రియే ఫోను చేసినది. తండ్రి యా లెక్కను మరల వేసి, సరిగానున్నదని యొప్పుకొని, ఫోనులోఁ గూఁతునకుఁ దానే చదివి వినిపించెనఁట. కూఁతురు కొంతసేపు మాటాడక, “అమ్మా, వద్దందువనుకొంటిని,” అన్నదఁట. తండ్రి మాత్రము, “అన్నకుఁ జెప్పుము, తూకము లేని మాట కాటాదగ్గఱ చెల్లదని,” అన్నారఁట.

వచ్చు మాసమున మన యిండ్ల స్కూటర్ల టైర్లను గూర్చి వ్రాయుదును. అవి యెప్పుడు మార్చవలెనో తెలియక మనలోఁ బలువురు ప్రమాదమున నున్నారు.