నీలం పిల్లికి ఏసీ, నల్లపిల్లికి గోనెసంచి

మొన్న మంగళవారం మా అపార్ట్‌మెంట్ వెనక మురుక్కాల్వ పక్కన మూతి కట్టేసిన గోనెసంచి ఒకటి కదులుతుంటే వాచ్‌మన్ విప్పాడు. నాలుగు పిల్లికూనలు, నాలుగూ నల్లవే. రెండు అప్పటికే చచ్చిపోయాయి. మూడోదాని నోట్లో దూదితో నీళ్ళు పిండితే నాలుక కదిపింది గానీ మింగలేకపోయింది. నాలుగోది బతికింది.

ఎవరు కట్టారో అందరికీ తెలుసు. ఆయన దాచనూ లేదు. "అమ్మాయికి సంబంధాలు కుదరడం లేదండీ. నల్లపిల్లి మా బాల్కనీలో పిల్లల్ని పెట్టింది, అది శని అన్నారు సిద్ధాంతిగారు. చంపితే పాపం కదా, అందుకే వదిలేశాను" అన్నాడు. చంపలేదట! సంచిలో కుక్కి, మూతి బిగించి, మే నెల ఎండలో పెట్టడం చంపడం కాదట.

ఈయన ఇంట్లోనే కొడుకు ముచ్చటపడి పాతికవేలకు కొన్న బ్రిటిష్ షార్ట్‌హెయిర్ ఉంది. ఒళ్ళంతా బూడిదరంగు, దాన్నే 'బ్లూ' అంటారు. ఏసీ గదిలో సోఫా దానిదే. జన్యువుల లెక్కలో అదీ నల్లపిల్లే మహాశయా! నలుపునిచ్చే యూమెలనిన్ అనే పదార్థమే దాని వెంట్రుకల్లోనూ ఉంది. జన్యువులో ఒక చిన్న మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే ఆ రేణువులు సమంగా పరుచుకోకుండా గుత్తులు కడతాయి, మన కంటికి బూడిదగా కనిపిస్తుంది. అంటే శనిగారు రేణువుల మధ్య దూరం కొలుచుకుని మరీ గడప దాటుతారన్నమాట.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో నిక్కీ హార్నర్ అనే ఆవిడ 1950లలో మొదలుపెట్టి బర్మీస్ పిల్లులనూ నల్ల అమెరికన్ షార్ట్‌హెయిర్‌లనూ కలిపి, ఏళ్ళ తరబడి తంటాలుపడి, నిగనిగలాడే కటిక నలుపు జాతినొకదాన్ని సృష్టించింది. మన దేశపు నల్లచిరుతను తలుచుకుని దానికి పెట్టిన పేరు బాంబే! జపాన్‌లోనూ నల్లపిల్లిని శుభంగా చూసేవాళ్ళున్నారు. శనికి అక్కడ వీసా దొరకలేదేమో.

అసలు మా ఊళ్ళో ఈ రంగు పట్టింపే లేదు, ఏ పిల్లి అడ్డమొచ్చినా చాలు. మా నానమ్మ వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటే గానీ కదిలేది కాదు. తాతయ్యకు గుండెనొప్పి వచ్చిన రాత్రి బండి కట్టాక ఒక చారల పిల్లి అడ్డంగా పోయింది. ఆ రాత్రి కూడా కూర్చోబెట్టింది. నొప్పితో చాప గీరుతున్న మనిషిని పావుగంట! ఆస్పత్రి ఇంకా రెండు మైళ్ళుందనగా ఆయన పోయాడు. బతికినన్నాళ్ళూ ఆమె ఆ నేరం పిల్లిదే అంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత చెప్పుకునే జాతి మనది!

పోలీసులకు చెబుదామని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తీసి చూశాను. మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. గోనెసంచి ఖరీదూ సుమారుగా అంతే.

అమ్మాయి సంబంధం ఇంకా కుదరలేదు. ఈసారి ఈశాన్యంలో ఉన్న బాత్‌రూమ్ కారణమట. దాన్ని ఏ సంచిలో కడతారో చూడాలి.