అంగుళం తూము

సూర్యలంక వెళ్తే మనం సముద్రాన్ని చూస్తాం. పిల్లలు అలల్ని చూస్తారు. ఒడ్డున ఇసుకలోకి లాగిపెట్టిన ఫైబర్ పడవల వీపు చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఈసారి వెళ్లినప్పుడు చూడండి. ఇంజను తగిలించే నిలువు పలక ఉంటుంది కదా, చాలా పడవలకు దాని అడుగున బొటనవేలు దూరేంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. అందులో ఓ గొట్టం, ఆ గొట్టానికో బిరడా. అంతే!

తూమంటే మన డెల్టా వాళ్లకి కొత్తగా చెప్పాలా! కాలువలోంచి పొలానికి నీళ్లొదిలేది అది. ఇది పడవలోంచి బయటికి వదిలేది. వాన నీళ్లు, అలలు ఎగజిమ్మిన నీళ్లు, వల దులిపినప్పుడు కారిన నీళ్లు... అన్నీ పడవ వెనక భాగంలోనే చేరతాయి. పాతవాళ్ల మాటల్లో పడవ ముందువైపు అణియం, వెనకవైపు అమరం. ఒడ్డుకు రాగానే బిరడా తీస్తే అమరంలో నిలిచిన నీళ్లు పోతాయి. మళ్లీ సముద్రంలోకి దిగేముందు బిగించాలి.

మరి బిగించడం మర్చిపోతేనో? గొట్టం చుట్టూ జాయింటు వదిలేస్తేనో? చిన్న లెక్క వేద్దాం. అంగుళం రంధ్రం నీటిమట్టానికి అడుగు లోతున ఉందనుకోండి. నిమిషానికి దాదాపు 40 లీటర్లు లోపలికొస్తాయి. అంటే రెండు బిందెలకు పైనే. పది నిమిషాలు ఎవరూ గమనించకపోతే నాలుగు క్వింటాళ్ల బరువు, అదీ ఇంజను ఉన్న వైపే. వెనక భాగం కుంగేకొద్దీ రంధ్రం ఇంకా లోతుకి పోతుంది, నీళ్లు ఇంకా జోరుగా వస్తాయి. అక్కడినుంచి తోడేవాడికీ సముద్రానికీ పందెం.

వెనకటి చెక్క పడవలకు ఓ సుగుణం ఉండేది. తెనాలి మీదుగా పోయే కాలువల్లో ధాన్యం బస్తాలతో పడవలు నడిచిన రోజుల్ని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ పడవలకు పలకల సందుల్లో నూలో పీచో కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి పూసేవారు. నీళ్లలో దిగాక చెక్క నీరు తాగి ఉబ్బేది, సన్న సందులు వాటంతటవే మూసుకుపోయేవి. 2004 డిసెంబరు సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. తేలిక, పుచ్చు పట్టదు, ఏటా గుగ్గిలం పని లేదు. నిజమే. కానీ ఫైబర్ ఉబ్బదు. దాని సందు దానంతటది పూడదు.

ఇక్కడే ఓ కిటుకుంది. పైకి అంతా ఫైబరులా కనిపించినా, ఇంజను బరువు మోయడానికి వెనక పలక లోపల చాలా పడవల్లో ప్లైవుడ్డో చెక్కో పెడతారు. తూము గొట్టం ఆ చెక్క గుండానే పోతుంది. సాధారణంగా అది ఇత్తడి గొట్టం. ఇత్తడంటే రాగి, జింకు కలిపిందేగా. ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి అందులోని జింకుని మెల్లగా లాగేస్తాయి. పసుపు రంగు పోయి గులాబీ ఛాయ వస్తుంది, లోహం గుల్లబారుతుంది. పైన ఇంజను అదురు ఎటూ ఉంది. గొట్టం అంచు చిట్లి, నీళ్లు పడవలోకి కాదు, ముందు చెక్కలోకి దిగుతాయి. పైకి చుక్క కారదు. లోపల పలక మెత్తబడుతూ ఉంటుంది. ఆ పలక మీదే ఇంజను వేలాడుతోందని గుర్తుంచుకోండి!

అందుకే కారుతోందని పైన ఏదో ముద్ద మెత్తేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. తడిని లోపల పెట్టి తలుపేసినట్టు అది. ముందు స్క్రూడ్రైవరు పిడితో గొట్టం చుట్టూ తట్టి చూడాలి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగితే చెక్క పోయినట్టే.

గొట్టం మార్చడానికి అదను వేట నిషేధ కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. నిజాంపట్నం నుంచి సూర్యలంక దాకా మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మధ్యలో రోహిణి కార్తె ఎండలు. ఆ ఎండే మందు. పాత గొట్టం అంచుని ఆకురాయితో అరగదీసి, బయటికి నెట్టేయాలి. మెత్తబడిన చెక్కని గట్టి చెక్క తగిలేదాకా గీకేయాలి. తర్వాత ఎండనివ్వాలి. ఒక పూట కాదు, రోజుల తరబడి. తొందరపడితే పనంతా దండగ. బాగా ఎండాక రంధ్రం లోపలి గోడకి ఎపాక్సీ రెజిన్ పట్టించాలి. చెక్క రెజిన్ పీల్చుకుని గట్టిపడితే, రేపు గొట్టం చిట్లినా నీళ్లు తొందరగా చెక్కని అంటవు. ఈ రెజిన్ల పని మనకి కొత్తేం కాదు. తెనాలి శిల్పశాలల్లో ఫైబర్ విగ్రహాలు పోసేవాళ్లని అడగండి, రెజిన్‌లో హార్డెనర్ పాలు తప్పితే ఏమవుతుందో కథలు కథలుగా చెబుతారు.

కొత్త గొట్టం బిగించేటప్పుడు చుట్టూ పడవలకు వాడే పాలీయురెథేన్ సీలెంట్ పెట్టాలి. అది ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది, ఇంజను అదురు తట్టుకుంటుంది. బాత్‌రూమ్ టైల్స్‌కి వాడే సిలికాన్ ఇక్కడ వద్దు. పట్టు చాలదు, పైగా అది అంటిన చోట రేపు ఇంకేదీ సరిగా అతకదు. గొట్టం రెండో అంచుని మెల్లగా తిప్పుతూ బయటికి మడవాలి. సుత్తితో ఒక్క దెబ్బకి మడిచేద్దామంటే కొత్త గొట్టమే చిట్లుతుంది. బిరడా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తే అదీ మార్చేయాలి. ఓ బిరడా అదనంగా కొని తాడుతో పడవకే కట్టేయడం మంచిది.

అన్నట్టు, తుపాను హెచ్చరిక వస్తే ఒడ్డునున్న పడవకు బిరడా తీసే ఉంచాలి, అమరం వైపు కాస్త వాలుగా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంతటి వానకి బిరడా వేసిన పడవ చెరువైపోతుంది.

కొత్త గొట్టం బిగించాక సీలెంట్ పూర్తిగా ఆరనిచ్చి పరీక్ష చేయాలి. పడవ ఒడ్డునే ఉండగా బిరడా బిగించి, వెనక భాగంలో నాలుగైదు బిందెల నీళ్లు పోయండి. బయట గొట్టం చుట్టూ, దాని కింద పాత పేపర్లు అంటించండి. రాత్రంతా పొడిగా ఉంటే ఇంజను ఎక్కించుకోవచ్చు. తడిస్తే, తడి ఎక్కడ మొదలైందో పెన్నుతో గుర్తు పెట్టుకుని గొట్టం మళ్లీ ఊడదీయడమే.